వరి కోతకొస్తే ఎలుక ఇంటికొస్తుంది

దామరచర్లలో ఏ నెలలో ఏ పురుగు ఇళ్లలోకి వస్తుందో చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగి చూడనక్కర్లేదు. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఎప్పుడు వదిలారు, నాట్లు ఎప్పుడు పడ్డాయి, కోత మిషన్లు పొలాల్లోకి ఎప్పుడు దిగాయి, ఈ మూడూ తెలిస్తే చాలు. తొలకరి పడగానే లైటు చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. నాట్లయ్యాక దోమలు, కోతలవగానే ఎలుకలు వస్తాయి. ఎండలు ముదిరితే వంటగట్టు కింద బొద్దింకలు, ముసురు పట్టిన రోజుల్లో బియ్యం డబ్బాలో ముక్కుపురుగులు. ఏటా అదే వరస, అవే నెలలు. అయినా మందు కోసం దుకాణానికి పరుగెత్తేది పురుగు కంటపడ్డాకే. అప్పటికి అది గుడ్లు పెట్టేసి, పిల్లల్ని లేపేసి, గోడ సందుల్లో కాపురం పెట్టేసి ఉంటుంది. మనం కొట్టిన మందుకు చచ్చేది పైకి కనిపించిన నాలుగే. ఇంటి పురుగుల అదుపు క్యాలెండర్ చూసి చేయాల్సిన పని, డబ్బా మందు ఆ పనిలో చిట్టచివరి అంకం. ఈ మాటకు ఆధారాలు మన ప్రాంతపు నీళ్లలోనూ గింజల్లోనూ ఉన్నాయి.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. అప్పటిదాకా వానకు ఆధారపడి జొన్న, కంది, ఆముదం పండిన నేలలు వరి మాగాణులయ్యాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరయింది. కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట వైపు కూడా నీళ్లు పారినంత మేరా రెండు పంటల వరి అలవాటయింది. దామరచర్ల మండలంలోనే వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వీర్లపాలెం దగ్గర నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. అంటే ఇక్కడ ఏడాదిలో ఏదో ఒక చోట నీళ్లు నిలిచే ఉంటాయి, ఏదో ఒక చోట గింజలు కుప్పపోసే ఉంటాయి, ఏదో ఒక చోట కట్టడం నడుస్తూ గుంటలు తవ్వే ఉంటాయి. మెట్ట పంటల కాలంలో ఎండాకాలం వచ్చిందంటే ఎలుకకు తిండి, దోమకు నీళ్లు కరువయ్యేవి. ఆ విరామం ఇప్పుడు లేదు. వానాకాలం వరి కోతలకూ యాసంగి నాట్లకూ మధ్య ఉండే ఖాళీ కొద్ది వారాలే. పంట రెండింతలైన చోట పురుగుకు కూడా రెండు కాలాలు కలిసొచ్చాయి. ఇంటి జాగ్రత్తలు మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయాయి.

ముందు ఎలుక సంగతి. వరి పొలంలో ఉండే పందికొక్కు గట్టు కింద బొరియ తవ్వి, ఈనిన వెన్నులు కొరికి లోపలికి లాక్కుపోయి దాచుకుంటుంది. ఆ బొరియలు తవ్వి, ఎలుకల్ని పట్టి, అవి దాచిన వడ్లు తీసుకోవడం యానాదులకు తరతరాలుగా తెలిసిన విద్య. కోత మిషను ఒక మడిని కొన్ని గంటల్లో నున్నగా చేసి వెళ్లిపోతుంది. చేతికోత రోజుల్లో పొలం కొంచెం కొంచెంగా ఖాళీ అయ్యేది, ఎలుకలూ కొంచెం కొంచెంగా కదిలేవి. ఇప్పుడు ఒక్క వారంలో ఊరి చుట్టూ ఉన్న మడులన్నీ ఖాళీ అవుతాయి. వాటి నీడా తిండీ ఒకేసారి పోతాయి. దగ్గర్లో కనిపించేది కొనుగోలు కేంద్రంలో ఆరబోసిన వడ్లు, ఆ పక్కన ఇళ్లు. కాబట్టి కోతకు పది పదిహేను రోజుల ముందే ఇంటికి కాపలా మొదలుపెట్టాలి. చిట్టెలుక దూరడానికి పెన్సిలు పట్టేంత సందు చాలు, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు. పెద్ద ఎలుక పిల్లకు బొటనవేలు పట్టే రంధ్రం సరిపోతుంది. సాయంత్రం గదిలో లైటు వేసి, తలుపు మూసి, బయట నిలబడి చూడండి. గడప మీద వెలుగు గీత కనిపిస్తే అదే ఎలుకల దారి. తలుపు అడుగున రేకు పట్టీ కొట్టించడం, నల్లా గొట్టం గోడలోకి దూరే చోట స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయడం, స్నానాల గది తూముకు ఇనుప జాలీ బిగించడం, ఈ మూడింటికి అయ్యే ఖర్చు ఒక బస్తా బియ్యం ధరకన్నా తక్కువే. గుడ్డపేలికలు, థర్మాకోల్, ఉత్త మట్టి పెడితే లాభం లేదు. ఎలుక ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి అది ఏదో ఒకటి కొరకక తప్పదు.

ఎలుకను బియ్యం నష్టం లెక్కలో మాత్రమే చూడటం మనం చేస్తున్న పెద్ద పొరపాటు. ఎలుక ఉన్న ఇంటికి పాము దారి వెతుక్కుంటుంది. నాగుపాము, రక్తపింజర ఇళ్ల దగ్గరికి వచ్చేది ఎక్కువగా దాని కోసమే. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. ఆ కాటు నొప్పి పెద్దగా తెలియదు, వాపూ కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలయ్యాకగానీ ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన పరిశోధన లెక్కకట్టింది. మరణాలు ఎక్కువున్న ప్రాంతాల్లో తెలంగాణతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పాముకాటు మందు ఆస్పత్రిలో ఉంటుంది, దాన్ని వెంటనే అందుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ కాటు దాకా రాకుండా ఆపే పని ఇంటి దగ్గరే ఉంది. గోడవారన పేర్చిన కట్టెలు, ఇటుకలు జరపడం, ఎలుక బొరియ పూడ్చడం, పడుకునేది నేల మీదైనా దోమతెర అంచులు పరుపు కిందికి దోపడం. ఒక్క దోమతెర దోమనూ ఆపుతుంది, కట్లపామునూ ఆపుతుంది.

విషం పెట్టొద్దా అని అడుగుతారు. పెట్టవచ్చు, దానికీ ఒక పద్ధతి ఉంది. ఎలుక కొత్త తిండిని మొదట రవ్వంత కొరికి చూస్తుంది. తిన్న కాసేపటికే కడుపులో తేడా చేస్తే ఆ రుచి జోలికి మళ్లీ వెళ్లదు. అందుకే త్వరగా పనిచేసే జింక్ ఫాస్ఫైడ్‌కు ముందు రెండు రోజులు ఉత్త నూకల ఎర అలవాటు చేయమంటారు. బ్రోమాడియోలోన్ నిదానంగా, రోజుల మీద రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి ఎలుకకు అనుమానం రాదు. వ్యవసాయ శాఖ చెప్పే పాళ్లు 96 భాగాల నూకలు, 2 భాగాల నూనె, 2 భాగాల మందు. ఈ ఎరను పిల్లలకు, కోళ్లకు, కుక్కలకు అందని గొట్టంలోనో మూత ఉన్న డబ్బాలోనో పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట, ఒక్క ఇల్లు పెడితే పక్కింటి ఎలుక వారంలో ఆ ఖాళీలోకి వస్తుంది. ఊరంతా ఒకే రోజు పెట్టాలి, అదీ పంట పొట్టకు రాకముందే పొలం గట్ల మీదే పెట్టాలి. ఇక ఇళ్లలో ఎప్పటికీ ఉండకూడనివి రెండున్నాయి. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. బియ్యం బస్తాల మధ్య ఆ బిళ్లలు పెట్టి అదే గదిలో పడుకుంటే ప్రాణాలు పోతాయి. చట్టం వాటిని శిక్షణ పొందినవాళ్ల చేతికే పరిమితం చేసింది. గుట్టుగా ఇచ్చే దుకాణందారు మనకు మేలు చేస్తున్నట్టు కాదు.

దోమ దగ్గరికి వస్తే మన అలవాటు ఇంకా ఎదురు తిరుగుతుంది. జ్వరాలు మొదలవగానే ఊళ్లో అందరూ అడిగేది పొగ. ఫాగింగ్ బండి వీధిలోకి వస్తే ఏదో జరిగినట్టు తృప్తి. ఆ పొగ తగిలిన దోమలు, ఆ వేళకు ఎగురుతున్నవి మాత్రమే, చస్తాయి. నీళ్లలో ఉన్న పిల్లపురుగుకు అది తగలదు, రెండు మూడు రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. డెంగీ తెచ్చే దోమ మోరీలో పుట్టదు. అది పుట్టేది గోలెంలో, కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనక పళ్లెంలో, డాబా మీద పాత టైరులో, మూత సరిగా పడని సంపులో. మన వేడిలో గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి నీళ్లు పారబోస్తే దాని పుట్టుక అక్కడే ఆగిపోతుంది. అయితే పారబోయడం ఒక్కటే చాలదు. ఆ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచుకు కాస్త పైన, గోలెం లోపలి తడి గోడకు అంటించి. కళ్లకు నల్లటి నలకల్లా కనిపించే ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికుండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. పీచు పెట్టి లోపలి గోడ గట్టిగా రుద్ది, ఒక పూట ఎండబెట్టాలి. 2020 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ కార్యక్రమం లెక్క సరిగ్గా ఇదే. అది పట్టణాలకు చెప్పిన మాటే అయినా, గోలేలు ఎక్కువున్న పల్లెలకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మోరీల్లో, మురుగు గుంటల్లో పుట్టే క్యూలెక్స్ దోమది వేరే కాలం. చలికాలం చివర, నీటి పారుదల మందగించి మురుగు చిక్కబడ్డప్పుడు అది విజృంభిస్తుంది. బోదకాలు నల్లగొండ జిల్లాకు కొత్త జబ్బు కాదు, దాన్ని మోసేది ఈ దోమే. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది ఇదే రాష్ట్రంలో, సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. అప్పటి నుంచి ఆయన చెప్పుకుంటూ వచ్చిందీ నిలవ నీటి మీదే దృష్టి పెట్టమని. నూట పాతికేళ్లు దాటాక కూడా మనం గదిలో కాయిల్ వెలిగించి తలుపులు మూసుకుంటున్నాం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. పసిపిల్ల పడుకున్న గదిలో ఆ పొగ పెట్టి జ్వరం నుంచి కాపాడుతున్నామనుకోవడం బాధాకరం. కిటికీకి జాలీ, మంచానికి తెర, మోరీకి వాలు. నిలిచిన మడుగులో గంబూసియా చేపలు వదలమని పంచాయతీని అడగవచ్చు, అవి పిల్లపురుగుల్ని తింటాయి.

మందు ఎందుకు చివర ఉండాలి అన్న దానికి గట్టి సాక్ష్యం బొద్దింక, నల్లి ఇస్తాయి. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి రాకముందే, 1947లోనే హవాయిలో నల్లులు డీడీటీకి లొంగడం మానేశాయి. వంటింట్లో తిరిగే చిన్న గోధుమరంగు బొద్దింకను, తల వెనక రెండు నల్లని చారలుండేదాన్ని, జర్మన్ బొద్దింక అంటారు. నిజానికి అది రెండు వేల ఏళ్ల కిందట దక్షిణాసియాలో, మన పొలాల్లోని ఆసియా బొద్దింక నుంచి విడిపడి మనిషి ఇంటికి మరిగిందని 2024లో జన్యు పరీక్షలు చెప్పాయి. తీపి కలిపిన విషపు ఎర విపరీతంగా వాడిన చోట్ల ఈ జాతిలో కొన్ని గ్లూకోజు రుచినే చేదుగా గుర్తించేలా మారిపోయాయి. స్ప్రే మీద స్ప్రే కొట్టేవాడు బలహీనమైనవాటిని ఏరి చంపి, మొండివాటిని సాకుతున్నాడు. బొద్దింకకు నీళ్లు దొరక్కుండా చేయడమే అసలు దెబ్బ. రాత్రి పడుకునేముందు సింకు తుడవడం, కారే నల్లా బాగుచేయడం, గ్యాస్ పొయ్యి కింద జిడ్డు గీకడం, అట్టపెట్టెలు ఇంట్లో ఉంచకపోవడం. ఆ తర్వాత బోరిక్ పౌడర్‌ను గోధుమపిండి, పంచదారతో కలిపి చిన్న ఉండలుగా చేసి అలమర వెనక, పిల్లలకు అందని చోట పెడితే అది నిదానంగా పనిచేస్తుంది. సందుల్లో ఉన్న గుంపు దాకా చేరేది ఇలాంటి నిదానపు మందే.

అదే బోరిక్ పౌడర్‌ను చాలా ఇళ్లలో బియ్యంలో కలుపుతున్నారు. అది ఆపాలి. కడిగితే పోతుందన్న భరోసా మీద ఏడాది పొడవునా పిల్లలకు పెట్టాల్సిన వస్తువు కాదది. ముక్కుపురుగు బియ్యంలోకి బయటి నుంచి వచ్చి పడేది తక్కువ. ఆడపురుగు గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, దాన్ని జిగురుతో మూసేస్తుంది. పిల్ల గింజ లోపలే తిని పెరిగి నెల రోజులకు బయటపడుతుంది. మిల్లులోనో గోదాములోనో పెట్టిన గుడ్డు మన ఇంట్లో తేమ తగిలి పురుగవుతుంది. కాబట్టి కొత్త బస్తాను పాత బియ్యం మీద పోయకూడదు. డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, అంచుల్లో నలిగిన పిండి తుడిచి, ఎండలో పెట్టి, ఆపైనే నింపాలి. ఎండాకాలంలో బాగా ఆరిన బియ్యాన్ని ముసురుకు ముందే గాలి చొరని డబ్బాకెత్తాలి. కందులకు, పెసలకు ఆముదం పట్టించే పాత పద్ధతిని మాత్రం శాస్త్రం పూర్తిగా సమర్థించింది. కిలోకు 5 మిల్లీలీటర్ల నూనె పట్టిస్తే పుచ్చుపురుగు పిల్ల పప్పులోకి దిగలేదు. బియ్యంలో వేపాకు పురుగును కొంత తగ్గిస్తుందే తప్ప ఆపదు. సాంబ్రాణి పొగ దోమను కాసేపు తరుముతుంది, అంతకుమించి ఏమీ లేదు. పాతదని నెత్తిన పెట్టుకోనూ వద్దు, పాతదని తోసేయనూ వద్దు.

చెదల గురించి ఒక్క మాట. తొలకరికి లైటు చుట్టూ రాలే ఉసిళ్లు చెద పుట్ట దగ్గర్లోనే ఉందని చెప్పే కబురు. మర్నాడు పునాది చుట్టూ, గుమ్మం చట్రం వెంట మట్టి గీతల కోసం వెతకాలి. ఇల్లు కట్టేటప్పుడే నేలకు చెద మందు పట్టించే విధానం భారత ప్రమాణం ఐఎస్ 6313లో ఉంది. కొత్తగా కట్టేవాళ్లు మేస్త్రీని అడగాల్సింది అప్పుడే, తలుపు డొల్లయ్యాక కాదు.

ఇంత పని ఎవరు చేస్తారన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇది చెప్పినంత సులభంగా చేసే పని కాదు, చివరికి ఆడవాళ్ల నెత్తినే పడుతుంది. పొద్దున్నే నాట్లకో కలుపుకో వెళ్లే మనిషి సాయంత్రం వచ్చి గోలెం కూడా రుద్దాలనడం అన్యాయమే. కానీ ఇందులో బరువైన పనులు, రేకు కొట్టడం, సిమెంటు పూయడం, డాబా మీది టైర్లు దించడం, జాలీ బిగించడం, ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తాయి. అవి మగవాళ్లు చేయాల్సినవి. అద్దె ఇళ్లలో ఆ ఖర్చు ఇంటి యజమాని పెట్టుకోవాలి, ఎందుకంటే తలుపూ తూమూ అతనివే. నేనొక్కణ్ణి శుభ్రంగా ఉంటే పక్కవాడు ఉండకపోతే ఏం లాభం అన్న ప్రశ్న ఇంకా బలమైంది. ఎలుక విషయంలో అది అక్షరాలా నిజం. డెంగీ దోమ విషయంలో సగమే నిజం, అది పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం ఎగరదు. మన ఇంట్లో కుడుతున్న దోమ మన గోలెంలోదో, ఆ పక్క రెండు మూడు ఇళ్లదో అయి ఉంటుంది. నాలుగు ఇళ్లు కూడబలుక్కుంటే తేడా కనబడుతుంది.

మిగిలింది ఊరు చేయాల్సిన పని. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు హైదరాబాద్‌ను కుదిపేశాక నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలు తీసేసి, ఇళ్లు కట్టి, వీధులు వెడల్పు చేయించింది. ఎలుకకు తావు లేని ఇల్లు కట్టడమే ప్లేగుకు నిలకడైన మందని నూరేళ్ల కిందటి పాలకులకు అర్థమైంది. ఆ మూసీయే దిగువన వాడపల్లిలో మన కృష్ణలో కలుస్తోంది. ఇవాళ పంచాయతీకి కార్యదర్శి ఉన్నాడు, చెత్తకు ట్రాక్టరు ఉంది. లేనిదల్లా తేదీలు. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ పొట్ట దశకు ముందు ఊరంతా ఒకే రోజు ఎలుకల ఎర. కాల్వ నీళ్లు వదిలే వారంలో మోరీల పూడిక. కొనుగోలు కేంద్రం ఎత్తేసిన మర్నాడే కల్లంలో రాలిన గింజల ఊడ్పు. రాబోయే గ్రామసభలో ఈ తేదీలు రాయించమని అడగండి, ఫాగింగ్ బండి ఎప్పుడొస్తుందని అడగడం ఆ తర్వాత.